నలభై బట్టమేక పిట్టలు

ఒక పెద్ద అడవి అంచున ఉన్న గడ్డిమైదానంలో, బట్టమేక పిట్టలు రెండే రెండు మిగిలాయి. మగది రెక్కలు విప్పి, ఓ రోజంతా నాట్యం చేసి, తన పని అయిపోయిందని వెళ్ళిపోయింది. ఆడది, పేరు నాంచారమ్మ, ఏడాదికి పెట్టే ఒక్క గుడ్డునూ నేలమీదే పెట్టుకుని పొదుగుతోంది.

ఈ రెంటినీ కాపాడ్డానికి ఒక శాఖ ఉంది. దానికి అధికారి కొండముచ్చు కోదండం. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో పిట్టని ఒక్కసారీ చూళ్ళేదు. ఫైల్లో చూశాడు.

ఓ రోజు కోదండం రొప్పుకుంటూ వచ్చి, "ఇక్కడ బట్టమేక పిట్ట ఎక్కడుంటుందమ్మా?" అని నాంచారమ్మనే అడిగాడు.

"నేనే నాయనా."

"నువ్వా! రేపు అధ్యక్షులు ఏనుగుగారు సకుటుంబంగా నిన్ను చూడ్డానికి వస్తున్నారు. కనబడాలి కదా, పొద్దున్నే ఈ గడ్డంతా కోయిస్తున్నా."

"గడ్డి పోతే గుడ్డు ఎండకి ఉడికిపోతుంది. లేదా కాకి ఎత్తుకుపోతుంది."

"ఒక్క పూటేగా, సర్దుకోవాలి. ఇదంతా నీకోసమే కదమ్మా!"

"నాకోసమైతే రాకండి."

"అయ్యో, భోజనాలు చెప్పేశాం!"

నాంచారమ్మ గుడ్డుమీంచి లేవకుండానే ఆలోచించింది. "వాళ్ళకి చూడ్డానికి ఏదో ఒకటి కావాలి, అంతేగా? వాగు గట్టున ఓ అడవికోడిని నిలబెట్టు. నాలా కనబడేలా మెడకి సున్నం, నెత్తికి మసి పుయ్యి. తొమ్మిదేళ్ళుగా కాపాడుతున్న నువ్వే నన్ను గుర్తుపట్టలేదు, వాళ్ళేం పడతారు?"

కోదండానికి నచ్చింది. కాకపోతే ఒకటి చూపిస్తే శభాష్ అంటారు, నలభై చూపిస్తే ప్రమోషన్ ఇస్తారు కదా!

మర్నాడు దండలకి గంట పట్టింది, ఉపన్యాసాలకి రెండు, భోజనాలకి మూడు. పిట్టలకి అయిదు నిమిషాలు మిగిలాయి. వాగు గట్టున నలభై కోళ్ళు సున్నం పూసుకుని బారులు తీరి ఉన్నాయి.

"ఇవి కోళ్ళలా ఉన్నాయండీ," అంది ఏనుగుగారి భార్య.

"నీకేం తెలుసు? అరుదైనవి అలాగే ఉంటాయి."

అంతలో ఓ పుంజు ఆపుకోలేక కొక్కొరోకో అంది.

"ఆహా, ఎంత అరుదైన కూత!" అని ఏనుగుగారు తొండంతో కళ్ళు ఒత్తుకున్నారు. తర్వాత లెక్కపెట్టారు. "ఏమయ్యా, రెండే అన్నావు, నలభై ఉన్నాయే!"

"అంతా తమరి చలవ," అని నడుం వంచాడు కోదండం.

"మరి ఇన్ని ఉంటే వీటికి రక్షణ ఎందుకు? నీ శాఖ ఇవాళ్టినుంచి రద్దు. పద, టీ తాగుదాం."

కోదండం నోరు తెరిచాడు. అవి కోళ్ళని చెప్తే జైలు, చెప్పకపోతే ఉద్యోగం గోవిందా. నోరు మూసుకుని చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత ఏ అధికారీ అటు రాలేదు. గడ్డి ఏపుగా పెరిగింది. గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చింది.

పని లేక తిరుగుతున్న కోదండం ఓసారి తల్లీపిల్లల్ని చూసి ఆగాడు. "మీరేం పిట్టలమ్మా?"

"కోళ్ళం బాబూ," అంది నాంచారమ్మ, పిల్లని రెక్కకింద దాచుకుంటూ.

నీతి కావాలనే వాళ్ళకి: మిమ్మల్ని కాపాడతామని ఎవరైనా బయల్దేరితే, వెంటనే పక్కింటి కోళ్ళని చూపించండి.