పద్దెనిమిదో ముక్క

బ్యాంకు కాపలాదారుడిని వీధిలో అందరూ జనరల్‌గారనేవారు. సైన్యంలో ఉన్నన్నాళ్లూ ఆయన సిపాయిగానే ఉన్నారు గానీ, మీసాలు మాత్రం మొదటినుంచీ జనరల్ స్థాయివే. ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని చిన్నదే: రైఫిల్ విప్పడం, తుడవడం, బిగించడం, పదకొండింటికి తనిఖీకి తీసుకెళ్లడం. ఆయన కళ్లద్దాలు మందమవుతున్నాయని కనిపెట్టిన మేనేజరు, ఈసారి తనిఖీలో ఒక్క లోపం బయటపడినా తుపాకి తీసేసి టోకెన్లిచ్చే పనిలో కూర్చోబెడతానన్నాడు. ముప్పయ్యేళ్లు రైఫిల్ మోసిన మనిషికి ఆ మాట విన్నప్పటినుంచీ అన్నం సయించడం లేదు.

తూటాలు తీసి బీరువాలో పెట్టి, తాళంచెవి అత్తగారికిచ్చారు. తూటా కూర్చునే అర తెరిచి కంటితో చూశారు, చిటికెన వేలితో తడిమారు. అయినా చాలదు. రెండో మనిషి కూడా చూసి చెప్పాలన్నది ఆయన నియమం.

"ఖాళీయే!" అంది భార్య వంటింట్లోంచి.

"చూడకుండా చెబితే ఎలా? ఇలా వచ్చి చూడు."

ఆవిడ తడిచేతులతో వచ్చి వంగి చూసింది. "ఖాళీ. దుమ్ము కూడా లేదు. ఇల్లు కూడా ఇలా తుడిస్తే ఎంత బాగుండునో," అని వెళ్లిపోయింది.

నెలనెలా గొట్టం తుడవడం మామూలే గానీ, మొత్తం విప్పేది ఏడాదికొకసారే. విప్పిన ముక్కల్ని విప్పిన వరసలోనే తువ్వాలు మీద ఎడమనుంచి కుడికి పేర్చారు. తుడిచి, నూనె రాసి, కుడివైపునుంచి బిగించుకుంటూ వచ్చారు. మొత్తం పదిహేడు ముక్కలు. అంతా అయ్యాక చూస్తే తువ్వాలు మీద గోరంత ఉక్కుముక్క మిగిలింది.

మళ్లీ విప్పి మళ్లీ బిగించారు. మళ్లీ మిగిలింది.

"నిన్న ఈ బల్ల మీదే కుట్టుమిషనుకి నూనె వేశాను కదండీ. దాన్లోదేమో!" అంది భార్య.

కుట్టుమిషను విప్పారు. ఆ ముక్కకి అందులో చోటు దొరకలేదు సరికదా, బిగించేసరికి అందులోంచి ఇంకో రెండు మిగిలాయి.

"అవి మిక్సీవేమో అల్లుడుగారూ," అంటూ అత్తగారు మిక్సీ తెచ్చి పెట్టారు.

"నా మిషన్లోంచి వచ్చినవి మిక్సీవెలా అవుతాయమ్మా?"

"రెండూ తిరిగేవేగా!"

మిక్సీ కూడా విప్పారు. పదయ్యేసరికి ఇంట్లో తిరిగే వస్తువు గోడగడియారం ఒక్కటే. అత్తగారి చూపు దానిమీద పడటం గమనించి భార్య వెళ్లి దానికింద అడ్డంగా నిలబడింది.

"ఆ ముక్క అవతల పారేసి వెళ్లండి. మిగిలిందంటే అక్కర్లేనిదనేగా!" అన్నారు అత్తగారు.

"అలా కుదరదు అత్తయ్యగారూ. దీన్ని నమ్ముకుని నేను తలుపు దగ్గర నిలబడాలి."

భార్య గొంతు తగ్గించింది. "చెబితే టోకెన్ల పనిలో వేసేస్తారు కదండీ."

"వెయ్యనీ. అనుమానం పెట్టుకుని బాగుందని చెప్పలేను."

అనడమైతే అన్నారు గానీ, ఎడమ చెప్పు కుడికాలికి వేసుకున్నారు. ఆవిడ ఆయన మీసాలకంటిన నూనె తుడిచింది. ఆ పూట ఆవిడకు ఆయన మీద ఎక్కడలేని జాలీ, గౌరవమూ కలిగాయి.

తనిఖీ గదిలో తుపాకుల మెకానిక్ పెన్ను తీశాడు. "అన్నీ సరిగ్గా ఉన్నాయా జనరల్‌గారూ?"

"లేవు బాబూ. ఒకటి మిగిలింది. ఎక్కడిదో తెలీదు. ఏం రాసుకుంటావో రాసుకో."

మెకానిక్ రైఫిల్ విప్పి లెక్కపెట్టాడు. పదిహేడూ ఉన్నాయి. మిగిలిన ముక్కని దీపం కింద పెట్టి చూశాడు. అతని ముఖం పాలిపోయింది. లేచి తలుపు మూసొచ్చాడు.

"ఇది ఎవరికైనా చూపించారా?"

"మా ఆవిడకీ, అత్తగారికీ. వాళ్లు మిక్సీదనుకుంటున్నారు."

"అలాగే అనుకోనివ్వండి. పోయినేడాది మీ రైఫిల్ తనిఖీ చేస్తుంటే నా పనిముట్టు మొన విరిగింది. వారం రోజులు ఈ గదంతా వెతికాను. దీన్లోనే ఉండిపోయిందని అనుకోలేదండీ. మీరు నోరు విప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు."

జనరల్‌గారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మెకానిక్ మొనని జేబులో వేసుకుని, రిజిస్టరులో "రైఫిల్ చక్కగా ఉంది, భాగాలన్నీ ఉన్నాయి" అని రాసి సంతకం పెట్టాడు. పోయినేడాది కూడా అతను అదే రాశాడు; అప్పుడు ఒకటి ఎక్కువే ఉంది.