రెండువందల ఒకటో మాట

పరిశోధన ఎవరైనా చేయగలరు; దాని సారాంశాన్ని రెండువందల మాటల్లో రాయడం మాత్రం సారాంశ పరిశీలక సంఘం దయ ఉంటే తప్ప సాధ్యం కాదు. ఎందుకు చేశారో, ఎలా చేశారో, చివరికి ఏం తేలిందో అన్నీ సారాంశంలోనే చెప్పేయాలని సంఘం నిబంధన (ఆ తర్వాతి పన్నెండు పేజీలు ఎవరూ చదవరు గనుక).

మన పరిశోధకురాలు గైడుగారు స్వయంగా తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను ఐదేళ్ళు తల బద్దలు కొట్టుకుని పరీక్షించింది. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం దాని పని. నూరు తప్పులు దాచిపెడితే అది నాలుగు చూపించింది. వాటిలో మూడు తప్పులే కావు.

ఇంతకీ ఏం తేలిందే అని ఇంట్లో వాళ్ళమ్మ అడిగింది.

"పనిచేయదమ్మా."

"ఆ ముక్క చెప్పడానికి ఐదేళ్ళా?"

(ఇంత చక్కగా కుదించగల మనిషి సంఘంలో ఒక్కరూ లేరు.)

సారాంశంలో ఆఖరి వాక్యం ఆమె ఇలా రాసింది: "తప్పులు పట్టడంలో ఈ సాఫ్ట్‌వేర్ మనిషితో సమానం కాదు." మొత్తం రెండువందల ఒక్క మాట అయిందని సంఘం గుమాస్తా వెనక్కి పంపేశాడు. గడువు ఆ సాయంత్రం ఐదింటికి. దాటిందా, పట్టా ఇంకో ఏడాది వెనక్కి.

మొదటి వాక్యంలో "అత్యద్భుత" తీసేద్దామంది ఆమె. అది తన సాఫ్ట్‌వేర్‌కు తగిలించిన మాట కాబట్టి గైడుగారు ససేమిరా అన్నారు. కళ్ళజోడు సవరించుకుని సారాంశమంతా రెండుసార్లు చదివారు.

"అన్నీ అవసరమైన మాటలేనమ్మా. చివర్న వేలాడుతున్న ఈ 'కాదు' ఒక్కటే అదనం."

ఆమె అడ్డుపడింది. "అది తీస్తే ఫలితమే తారుమారవుతుంది సార్."

"ఫలితం తొమ్మిదో పేజీలో పట్టికలో ఉందిగా. కావలసినవాళ్ళు చూసుకుంటారు."

ఐదుకు రెండు నిమిషాలుండగా, తన చేత్తోనే తీసేసింది.

పేపరు నెగ్గింది. సూటిగా, సుస్పష్టంగా ఉందని సంఘం మెచ్చుకుంది. అంతటితో ఆగకుండా, ఇకమీదట సారాంశాల్లో తప్పులు పట్టే బాధ్యతను కూడా మనిషితో సమానమైన ఆ సాఫ్ట్‌వేర్‌కే అప్పగించింది. పట్టా చేతికొచ్చినా పరిశోధకురాలికి ముద్ద దిగలేదు. అబద్ధం కింద తన పేరుంది. వారం తిరక్కుండా, ఆ "కాదు"ను మళ్ళీ చేర్చనివ్వమని సవరణ దరఖాస్తు పెట్టుకుంది.

తప్పుందని తేలితేనే సవరణ, అన్నాడు గుమాస్తా. న్యాయమే. సారాంశాన్ని సాఫ్ట్‌వేర్ పరిశీలనకు పంపారు.

ఎనిమిది సెకన్లలో జవాబొచ్చింది: తప్పులేవీ లేవు.