వేళ్ళకు సెలవు

ఆ ఉదయం ఇల్లాలు వేసుకున్న పథకంలో గొప్పదేమీ లేదు. పొద్దున్నే నివాస అనుమతి కార్యాలయానికి వెళ్ళి, పది వేళ్ళూ మిషను మీద పెట్టి, మధ్యాహ్నంలోపు ఇంటికొచ్చి, నానబెట్టిన దుప్పట్లు ఉతికేసుకోవాలి. వేలిముద్రలు ఇవ్వడానికి చదువు అక్కర్లేదు, సిఫార్సు అక్కర్లేదు. వేళ్ళుంటే చాలు.

దరఖాస్తు పెట్టి రెండేళ్ళు దాటింది. ఆ ఇంట్లో తెల్లవారడమంటే భర్త కాఫీ గ్లాసు పట్టుకుని, ఫోనులో దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో చూడడం. 'పరిశీలనలో ఉంది' అని ఉండేది. ఆ రెండు మాటల్నీ ఆయన అటునుంచీ ఇటునుంచీ చదివి, నిన్నటికంటే ఇవాళ కొంచెం నమ్మకంగా అన్నట్టు లేదూ అని అడిగేవాడు. తొందరగా తేల్చేసేవాళ్ళు సరిగ్గా చూడనివాళ్ళేనని అత్తగారు సర్దిచెప్పేది. ఆ అనుమతి వస్తే ఆ పరాయి దేశంలో ఇక ఏడాదికోసారి గడువు పొడిగించమని బతిమాలుకోనక్కర్లేదు. కొన్న ప్రతి కుర్చీనీ, రేపు వెళ్ళిపోమంటే దీన్నేం చెయ్యాలి అన్నట్టు చూడనక్కర్లేదు. అందుకే వేలిముద్రలకు రమ్మని కబురొచ్చిన రోజు ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకుని మరీ సంతోషించారు.

కార్యాలయంలో భర్త పని చిటికెలో అయిపోయింది. వయసు పైబడినవాళ్ళ వేళ్ళతో తమకు పనిలేదని అత్తగారిని కూర్చోమన్నారు. ఆవిడ కొంచెం నొచ్చుకుంది. ఇల్లాలు తన బొటనవేలు అద్దం మీద ఆనించింది. ఎర్ర దీపం వెలిగింది. కౌంటరులో ఉన్న అధికారిణి అద్దం తుడిచింది, వేలు తుడిచింది, తన వేలితో ఆ వేలిని నొక్కిపట్టింది. పది వేళ్ళకూ ఎర్ర దీపమే. చివరికి ఆ చేతిని కిటికీ వెలుగులోకి తిప్పి, బజారులో వంకాయను చూసినట్టు చూసింది.

"మీరేం పని చేస్తారండీ?"

"ఏమీ చెయ్యను. ఇంట్లోనే ఉంటాను."

అధికారిణి మళ్ళీ వేళ్ళ వంక చూసింది. "తాపీ పనివాళ్ళకి ఇలా అరిగిపోతాయి," అంది.

తర్వాత చాలా మర్యాదగా చెప్పింది. ముద్రలు మళ్ళీ మొలుస్తాయట, చేతులకు విశ్రాంతినివ్వాలి. నీళ్ళు, సబ్బు, గిన్నెలు తోమే పీచు, ఏదీ తగలకూడదు. వచ్చే నెల ఇంకో అవకాశం ఇస్తారు. అప్పుడూ పడకపోతే కుటుంబం మొత్తం దరఖాస్తునూ వెనక్కి పంపేస్తారు, కొత్తది పెట్టుకోవాలి. కొత్తవి ఎప్పుడు తీసుకుంటారని భర్త అడిగాడు. ప్రస్తుతానికి తీసుకోవడం ఆపేశారని ఆవిడ అంతే మర్యాదగా చెప్పింది.

బస్సులో భర్త, ఇల్లాలి చేతిని తన ఒళ్ళో పెట్టుకుని ఇల్లు చేరేదాకా చూస్తూనే ఉన్నాడు. పెళ్ళయ్యాక ఆ చేతిని ఆయన అంత శ్రద్ధగా చూడడం అదే మొదటిసారి. ఇంటికి రాగానే తీర్మానాలు జరిగిపోయాయి. ఈ చేతులు ఇక ఇల్లాలివి కావు, దరఖాస్తువి. వాటికి పూటపూటా క్రీము పట్టించి, ఇంట్లో ఉన్న ఒకే ఒక జత గ్లౌజులు తొడిగారు. వంట అత్తగారిది, అంట్లు భర్తవి. నానిన దుప్పట్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అవి ఇంకో రెండు రోజులు నానాయి.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఇల్లాలు నోరున్న మనిషి కాదు గానీ, కళ్ళున్న మనిషి. సరిగ్గా తోమని గిన్నె ఇంట్లో ఉందంటే ఆమెకు పక్కగదిలో ఉన్నా తెలిసిపోతుంది. అత్తగారిది, ఒక్క కూరకి అలమారలో ఉన్న గిన్నెలన్నీ దింపే చెయ్యి. భర్తది, తడిపితే చాలు తోమినట్టేననుకునే చెయ్యి. ఇల్లాలు వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని, గ్లౌజు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అడుగు చూడండి," అంది.

"చూశాను. తళతళలాడుతోంది."

"గిన్నెకి రెండు అడుగులుంటాయి. మీరు చూసింది లోపలిది."

అలా మొదలైంది. మూత అంచులోకి వేలు పోనిచ్చి తిప్పాలని, టీ వడపోసే జల్లెడకి వెనకవైపు కూడా ఉంటుందని ఆయనకు తెలిసొచ్చింది. తోమిన కంచం మీద బొటనవేలు ఆనించి లాగితే కీచుమనాలి, జారిందంటే జిడ్డు పోలేదని అర్థం. జారితే మళ్ళీ పీచు. వారం తిరిగేసరికి ఆయన ఎవరూ చెప్పకుండానే ప్రతి కంచాన్నీ కీచుమనిపించి, గుమ్మం వైపు చూసి, ఇల్లాలు తలూపాకే బోర్లిస్తున్నాడు. లోపల్లోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

ఇంతలో కింది ఇంటి పిన్నిగారు ఒక ఉల్లిపాయ కోసం పైకొచ్చింది. అత్తగారు కోడలికి అన్నం తినిపిస్తోంది. కోడలి చేతులు మోచేతుల దాకా రబ్బరు తొడుగుల్లో ఉన్నాయి. ఏమైందమ్మా అని పిన్నిగారు గొంతు తగ్గించింది. కోడలికి వేలిముద్రలు లేవని చెప్పుకోవడం అత్తగారికి నామోషీ అనిపించింది. నీళ్ళు తగలకూడదన్నారనీ, వచ్చే నెల ఇంకోసారి చూస్తారనీ, అప్పుడూ బాగులేకపోతే ఇక చేసేదేమీ లేదన్నారనీ చెప్పింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. పిన్నిగారు ఉల్లిపాయ మర్చిపోయి దిగిపోయింది.

మర్నాటి నుంచి పరామర్శలు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ పళ్ళు పట్టుకుని వచ్చి, బారెడు దూరంలో కూర్చుని, రోగం పేరెత్తకుండా వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళు. ఇల్లాలు అసలు సంగతి విడమరిచి చెప్పింది. వచ్చినవాళ్ళు ఓపిగ్గా విన్నారు. పాపం ఎంత ధైర్యంగా మాట్లాడుతోందో అని మెట్లమీద అనుకున్నారు. ధైర్యం చూడ్డానికి ఇంకొందరు వచ్చారు. వచ్చినవాళ్ళకి టీ ఇవ్వకపోతే బాగోదు. కప్పులు చాలక గ్లాసుల్లో, గ్లాసులు చాలక చిన్న గిన్నెల్లో ఇచ్చారు. సాయంత్రం ఆఫీసు నుంచి భర్త వచ్చేసరికి తొట్టిలో ఒక ఊరి అంట్లు ఉండేవి. ఆయన చొక్కా చేతులు మడిచి, నిలబడిన చోటే నిలబడి, అన్నిటినీ కీచుమనిపించేవాడు.

ఒక మధ్యాహ్నం గది నిండా జనం ఉండగా ఫోను మోగింది. గ్లౌజు చేతులతో ఇల్లాలు ఫోను పట్టుకోలేదు కనుక అత్తగారు తీసి చెవి దగ్గర పెట్టబోయి, ఏదో నొక్కింది. మాటలు గదంతా వినిపించాయి. భర్త ఆఫీసులో హాజరు చూసే అమ్మాయట. మీవారు ఈ మధ్య ఆఫీసుకి రావడం లేదు, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది.

గదిలో టీ తాగే చప్పుడు ఆగిపోయింది. పొద్దున్న పట్టుకెళ్ళిన టిఫిను డబ్బా రోజూ సాయంత్రం ఖాళీగానే తిరిగొస్తోందే, మరి ఆ మనిషి ఎక్కడ కూర్చుని తింటున్నాడు? ఇల్లాలికి నోట మాట రాలేదు. పిన్నిగారికి వచ్చింది. భార్యని ఇలా చూడలేక, ఉద్యోగానికి వెళ్ళే మనసు లేక, ఏ పార్కు బెంచీ మీదో పొద్దు పుచ్చుతున్నాడని ఆవిడ కళ్ళొత్తుకుంది.

సాయంత్రం భర్త వచ్చి నేరుగా తొట్టి దగ్గరికి నడిచాడు. ఇల్లాలికి ఆ వినయమే అనుమానంగా తోచింది.

"రోజూ ఎక్కడికి వెళ్తున్నారు?"

"ఆఫీసుకి."

"మీరు రావట్లేదని ఇవాళ ఫోను చేశారు."

"తెలుసు," అన్నాడాయన పీచు వెతుక్కుంటూ. "నా పక్క బల్ల నుంచే చేసింది. విన్నాను."

"మరి ఇక్కడే ఉన్నానని చెప్పలేకపోయారా?"

"చెప్పాను. 'తెలుసండీ, కానీ మిషను ఒప్పుకోవట్లేదు, ఒప్పుకోకపోతే ఇంటికి ఫోను చెయ్యమని రూలు' అంది."

అప్పుడు బయటపడింది సంగతంతా. ఆఫీసు గుమ్మంలో బొటనవేలు పెట్టే హాజరు మిషను కొన్నాళ్ళుగా ఆయన్ని గుర్తుపట్టడం మానేసింది. చెడిపోయిందని ఆయన అన్నాడు. మిగతా అందరినీ గుర్తుపడుతోంది, పైగా కొత్తది, చెడిపోదని పైవాళ్ళు అన్నారు. రానివాడి బల్ల మీదకు ఫైళ్ళెలా వస్తున్నాయని అడిగితే, పనికీ హాజరుకీ సంబంధం లేదన్నారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోయినట్టు రాసేస్తారట. ఉద్యోగం లేని మనిషి దరఖాస్తును నివాస అనుమతి వాళ్ళు చదవను కూడా చదవరు.

ఇల్లాలికి తన వేళ్ళు తాను చూసుకోవాలనిపించింది గానీ గ్లౌజులున్నాయి. ఇక ఆశంతా వాటి లోపలే ఉంది.

రెండోసారి పిలిచిన రోజు ముగ్గురూ మళ్ళీ బస్సెక్కారు. కౌంటరు దగ్గర గ్లౌజులు తీసినప్పుడు ఇల్లాలి చేతులు పసిపిల్ల చేతుల్లా ఉన్నాయి. బొటనవేలు అద్దం మీద ఆనింది. పచ్చ దీపం. రెండో వేలు, పచ్చ దీపం. తెర మీద గీతలు కొత్త దువ్వెనతో దువ్వినట్టు ఒక్కొక్కటిగా విడివిడిగా కనిపించాయి. అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇంత చక్కటి ముద్రలు ఈ ఏడాదిలో చూడలేదని అధికారిణి మెచ్చుకుంది.

తర్వాత ఫైలు తిరగేసి, భర్తను పిలిచింది. పోయినసారి ఇచ్చినవి పాతబడ్డాయి, మళ్ళీ ఇవ్వాలంది.

"వేలిముద్రలు పాతబడతాయాండీ?"

"వేళ్ళు పాతబడవు. ముద్రలకి గడువుంటుంది."

ఆయన నవ్వుతూ బొటనవేలు పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. అధికారిణి అద్దం తుడిచింది, వేలు తుడిచింది, నొక్కిపట్టింది. పదోవేలి దాకా వెళ్ళి, చేతిని కిటికీ వెలుగులోకి తిప్పింది.

"మీరు కూడా ఇంట్లోనే ఉంటారా?" అంది.

ఇల్లాలికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. మూతల అంచులు, జల్లెడ వెనకవైపు, కీచుమన్న కంచాలన్నీ కళ్ళముందు తిరిగాయి. తల వంచుకుంది. భర్తకు కూడా అర్థమైంది, అయితే ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది.

"అంటే నా వేలికి నిజంగానే ముద్ర లేదు, మిషను తప్పు కాదు. అంతేగా? ఆ ముక్క కాస్త మా ఆఫీసు పేర రాసి, ముద్ర వేసిస్తారా?"

అవతలి మనిషి అంత ఆనందంగా అడిగే సంగతి కాదది. అయినా అధికారిణి రాసిచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, జేబు మీద రెండుసార్లు తట్టుకున్నాడు. ఆవిడ మళ్ళీ మర్యాదగా మొదలుపెట్టింది. చేతులకు విశ్రాంతి కావాలి, నీళ్ళు, సబ్బు, పీచు తగలకూడదు, వచ్చే నెల ఒకే ఒక అవకాశం. మాట పూర్తికాకముందే అత్తగారు బల్లమీదున్న గ్లౌజులు తీసి కొడుకు చేతులకు తొడగడం మొదలుపెట్టింది.

ఇల్లాలు కౌంటరు మీదకు వంగింది.

"నావి కూడా పాతబడే ప్రమాదముందంటారా? అంటే, ఇంకొన్నాళ్ళు జాగ్రత్తగా చూసుకోమంటారా?"

అధికారిణి మొదటిసారి మనసారా నవ్వింది. "ఏం భయం లేదండీ. మీవి నమోదైపోయాయి. ఇక మీరు ఎన్ని గిన్నెలైనా తోముకోవచ్చు."

ఆ దేశం ఆమెకు ఇచ్చిన మొదటి అనుమతి అది.