సీటు బెల్టు పెట్టుకున్న బొచ్చె

ఆ శనివారం పొద్దున్న ఎడ్విన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కైకలూరు నుంచి కారులో తాడేపల్లిగూడెం వెళ్లాలి. పుట్టింట్లో ఉన్న భార్య జ్యోత్స్ననీ, అయిదో నెల నిండిన పాప ఇందునీ ఇంటికి తెచ్చుకోవాలి. మర్నాడు చర్చిలో పాపకి బాప్తిస్మం. ఇందులో భయపడడానికి ఏముందని అడిగేవాళ్లకి అతను డ్రైవింగ్ నేర్చుకుని ఎన్నాళ్లయిందో తెలియదన్నమాట.

పైగా అతను హైస్కూల్లో సైన్సు మాస్టారు. బండి ఆగినా లోపలి వస్తువు ఆగదని ఏటా పిల్లలకి చెప్పి చెప్పి, చివరికి ఆ మాట నమ్మినవాడు తనొక్కడే అయ్యాడు. సెకండ్ హ్యాండ్ కారు కొన్న రోజునుంచీ ఆ లోపలి వస్తువు పాపే అయి కళ్ల ముందు కనబడుతోంది. కంటిమీద కునుకు లేదు.

పిల్లల కారు సీటు కావాలని ఏలూరంతా తిరిగితే ఒక కొట్లో ఊయల, ఇంకో కొట్లో మూడు చక్రాల సైకిలు చూపించారు. చివరికి విజయవాడలో రెండు రకాలు దొరికాయి. ఒకటి ముందుకి చూసేది, ఒకటి వెనక్కి చూసేది.

"ముందుకి చూసేది తీసుకోండి సార్, పాప రోడ్డు చూస్తుంది" అన్నాడు కొట్టతను.

"రోడ్డు నేను చూస్తానండీ. పాప మెడ నిలవాలి" అని ఎడ్విన్ వెనక్కి చూసేదే కొన్నాడు. వెనక సీటుకి కొత్త బెల్టులు కూడా వేయించాడు.

ఫోనులో ఈ సంగతి విన్న అత్తగారు సారమ్మ గారు ససేమిరా అన్నారు. "పసిదాన్ని మూటలా కట్టేస్తారా బాబూ? అమ్మమ్మ ఒడి కంటే భద్రమైన చోటు ఉంటుందాండీ? ఆ సీటు గట్టిదని నాకు నమ్మకం కుదిరితేనే పిల్ల కారెక్కుతుంది. లేదంటే నడక వచ్చాకే పంపిస్తాను."

నమ్మకం కుదరాలంటే పరీక్ష చెయ్యాలి. బియ్యం మూట కట్టి చూద్దామనుకున్నాడు ఎడ్విన్.

"బియ్యం మూటకి మెడ ఎక్కడుందండీ మాస్టారూ?" అన్నాడు పక్కింటి జోగారావు. ఆయనది చేపల వ్యాపారం. లోకంలో ఏ చిక్కొచ్చినా ఆయన దగ్గర చేపే సమాధానం. "బొచ్చె చేపని కూర్చోబెట్టండి. పసిపిల్లల్లాగే తల పెద్దది, ఒళ్లు మెత్తన. పాప బరువుకి సరిపడేది నేను ఏరి ఇస్తాను. పరీక్ష అయ్యాక అత్తగారికి ఇచ్చేయండి, మర్యాదగా కూడా ఉంటుంది."

ఇంకో ఊళ్లో అయితే ఈ సలహాకి నవ్వేవారు. చుట్టూ చేపల చెరువులున్న కైకలూరులో మాత్రం బరువనగానే ముందు చేపే గుర్తొస్తుంది. జోగారావు బొచ్చె చుట్టూ ఐసు పెట్టి ప్లాస్టిక్ సంచీలో చుట్టాడు. అది బెల్టుల్లోంచి జారుతోందని ఎడ్విన్ పైన పాప ఉన్ని శాలువా కప్పాడు. తల ఎంత ఊగుతుందో గుర్తు తెలియాలని ఎర్ర టోపీ కూడా తొడిగాడు. అన్ని జాగ్రత్తలూ పాటించే మనిషి కాబట్టి, బండి తోలేటప్పుడు మాట్లాడకూడదని సెల్ ఫోను కట్టేశాడు.

కొల్లేటి రోడ్డుమీద ఒక్కో గుంతకీ కారు ఆపి, దిగి, బొచ్చెని పరీక్షించాడు. ఏలూరు దాటుతుండగా రైలు గేటు పడింది. వెనక తలుపు తీసి వంగి, "మెడ వాలలేదు కదా? శభాష్ తల్లీ!" అని టోపీ సర్దాడు.

గేటుకి అవతల ఆగిన, గూడెం నుంచి వస్తున్న బస్సు కిటికీలోంచి ఇది పాపమ్మ గారు చూశారు. ఆవిడ జ్యోత్స్న పుట్టింటివాళ్ల చర్చి మనిషి. ఏలూరు బస్టాండులో దిగగానే కాయిన్ బాక్సు నుంచి సారమ్మ గారికి ఫోను చేశారు.

"వదినా, పాపని అప్పుడే పంపించేశారా? ఏలూరు గేటు దగ్గర చూశాను, మీ అల్లుడుగారు ఒక్కరే కారులో తిప్పుతున్నారు. శాలువా అంతా తడిసి కారుతోందండీ, పాపం గుడ్డైనా మార్చలేదు."

"పాప ఇక్కడే ఉయ్యాల్లో ఉంది కదమ్మా!"

"మరి కారులో ఉన్నదెవరండీ?"

కాయిన్ అయిపోయి ఫోను కట్ అయింది. జ్యోత్స్న వెంటనే భర్తకి చేసింది. సెల్ కట్టేసి ఉంది. మళ్లీ చేసింది. ఎన్నిసార్లు చేసినా అంతే. భార్య పుట్టింట్లో ఉన్న నెలల్లో మొగుళ్లు ఏమేం చేస్తారో ఇరుగుపొరుగు చెప్పిన కథలన్నీ ఆమెకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"ఆ పిల్లని ఏలూరులోనే ఎక్కడో దింపేసి, ఏమీ ఎరగనట్టు వస్తారే. మనమే వెళ్లి పట్టుకోవాలి" అన్నారు సారమ్మ గారు. బస్సు కోసం ఆగే ఓపిక లేదు. వీధి చివర ఏలూరు బయల్దేరుతున్న గుడ్ల వ్యాను ఆపి పాపతో సహా ముగ్గురూ ముందు సీట్లో ఎక్కేశారు.

ఎడ్విన్ గూడెం చేరేసరికి ఇంటికి తాళం ఉంది. "గుడ్ల వ్యాన్లో ఏలూరు వెళ్లారండీ. పాపని ఒళ్లో పెట్టుకుని, ఏడుస్తూ" అని ఎదురింటావిడ చెప్పింది. ఎడ్విన్‌కి అంతా కళ్ల ముందు కనబడింది. హైవే, లారీలు, గుడ్ల వ్యాను, ఒళ్లో పాప! దేన్ని తలుచుకుని ఇన్నాళ్లూ వణికాడో, అది తన వెనకాలే జరిగిపోయింది. గబగబా సెల్ తెరిచాడు. తెరవగానే మోగింది.

"ఏవండీ, ఏలూరు బస్టాండులో ఉన్నాం. మీ కారులో పిల్ల ఎవరు?" అంది జ్యోత్స్న.

"పాప ఎలా ఉంది? ఒళ్లోనే ఉందా?"

"నేను అడుగుతున్నది మీ కారులో పిల్ల గురించి!"

"నా పిల్ల గురించే నేనూ అడుగుతున్నాను!"

"అయితే ఒప్పుకున్నట్టే" అని ఫోను పెట్టేసింది.

ఎడ్విన్ సెల్ మళ్లీ కట్టేశాడు. బండి తోలాలి కదా.

బస్టాండు దగ్గర పాపమ్మ గారు సాక్షిగా నిలబడ్డారు. కారు ఆగీ ఆగకముందే సారమ్మ గారు వెనక తలుపు తీసి, టోపీ లాగి, శాలువా విప్పారు. బొచ్చె నోరు తెరుచుకుని ఆవిడని చూసింది. సారమ్మ గారి చెయ్యి అలవాటుకొద్దీ మొప్ప ఎత్తి చూసింది. "ఎర్రగానే ఉంది. తాజాదే" అన్నారు.

"బస్సులోంచి పిల్లలాగే కనబడిందండీ" అని పాపమ్మ గారు జనంలో కలిసిపోయారు.

ఎడ్విన్ ఇదేమీ వినడం లేదు. పాపని తీసుకుని మెడా, చేతులూ, కాళ్లూ తడిమి చూసుకుంటున్నాడు. కళ్లు చెమ్మగిల్లాయి. "గుడ్ల వ్యానులోనా అత్తయ్యగారూ?" అన్నాడు.

"ఒక్క గుడ్డు పగల్లేదు బాబూ" అన్నారావిడ. కానీ బొచ్చెని తిప్పి చూసి మెత్తబడ్డారు. రెండు రోడ్లు తిరిగొచ్చినా ఒక్క పొలుసు ఊడలేదు. "సరే, మీ తృప్తి కోసం పిల్లని కట్టండి. చేప నా ఒళ్లో ఉంటుంది. ఒళ్లో ఉన్నది ఎక్కడికీ పోదు."

కారు పక్కనే నిలబడి, చేపతో సహా ప్రార్థన చేసి, సారమ్మ గారు ముందు సీట్లో కూర్చున్నారు. ఎడ్విన్ బతిమాలితే బెల్టు పెట్టుకున్నారు. పాప ఆ నీచువాసనకి కాసేపు ఏడ్చి, ఊరు దాటేసరికి నిద్రపోయింది. జ్యోత్స్న పాప పక్కన కూర్చుని, "టోపీ కూడా పెట్టారా?" అని ఒక్కసారే అడిగింది.

కొల్లేటి రోడ్డుమీద కట్ట దిగి బాతుల మంద అడ్డం వచ్చింది. ఎడ్విన్ ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. సారమ్మ గారు రెండు చేతులా పట్టుకున్న బొచ్చె ఆ చేతుల్లోంచి ఎగిరి, ఎదుటి డాష్‌బోర్డుకి ధన్‌మని కొట్టుకుని, కాళ్ల దగ్గర పడింది.

జ్యోత్స్న ఊపిరి బిగబట్టి పాపవైపు చూసింది. ఇందు నిద్రలోనే పెదవులు చప్పరించింది. సారమ్మ గారు ఖాళీ అయిన తన చేతుల్ని చూసుకున్నారు. బాతులన్నీ తీరిగ్గా రోడ్డు దాటాయి.

కాసేపటికి ఆవిడ వంగి బొచ్చెని తీసి, "తల చితికిపోయింది. పులుసులో పడేద్దాం లెండి" అన్నారు.