బావమరిది బక్కెట్లు

ఆ పొద్దున విడిది యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆకుపచ్చ బోర్డు ఇచ్చే అధికారిణి లాంచీ దిగేలోగా ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ అంతా కంటికి కనబడకుండా చేయాలి. అంతే.

సముద్రాన్ని పాడుచేయకుండా అతిథుల్ని చూసుకునేవాళ్లకే ఆ బోర్డు. అది ఉన్న విడిదుల దగ్గరే ఇకమీదట లాంచీ ఆగుతుందని దీవి మొత్తానికీ కబురొచ్చింది. లాంచీ ఆగకపోతే అతిథులు రారు. అతిథులు రాకపోతే విడిది మూసేసి, అవతలి ఒడ్డున బావమరిది ప్లాస్టిక్ సామాన్ల దుకాణంలో స్టూలు మీద కూర్చుని, "బావా, ఆ నీలం మగ్గు ఇలా అందుకో" అన్నప్పుడల్లా అందిస్తూ బతకాలి. ఆ స్టూలు తలుచుకుంటేనే ఆయనకు నడుం పట్టేసేది.

చిక్కేమిటంటే, ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కూడా ఆ బావమరిదిదే. "అక్క ఇంటికి ఉత్త చేతులతో ఎలా వస్తాను బావా" అంటూ వచ్చినప్పుడల్లా బక్కెట్లు, మగ్గులు, టబ్బులు దింపేవాడు. ఒకసారి ఎర్ర కుర్చీ కూడా తెచ్చాడు. దుకాణంలో అమ్ముడుపోనివన్నీ అక్క మీద ప్రేమగా మారి ఈ ఒడ్డుకు చేరేవి.

"వాటి జోలికెళ్లారో, ఊరుకునేది లేదు" అని భార్య ముందురోజే చెప్పేసింది. "వాడొచ్చి ఎర్ర కుర్చీ ఏదక్కా అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

పారేయడానికి వీల్లేదు. అధికారిణి అటకలెక్కి మరీ వెతుకుతుందట కాబట్టి ఇంట్లో దాచడానికీ వీల్లేదు. సముద్రంలో పడేయడానికి ఆయనకే మనసొప్పలేదు. అందుకని భార్య నిద్ర లేవకముందే సామానంతా టబ్బులో వేసి, తడి ఇసుకలో అయితే సులువుగా జారుతుందని నీళ్ల అంచు వెంట ఈడ్చుకెళ్లి, అక్కడినుంచి పైకి లాగి, ఒడ్డున గొయ్యి తీసి పూడ్చేశాడు. నడుం సహకరించక గొయ్యి లోతుగా తీయలేదు. పైన మాత్రం ఇసుకను ముద్దుగా తట్టి గుండ్రంగా చేశాడు. అధికారిణి వెళ్లగానే తవ్వి తీసేయాలని ఆయన ఉద్దేశం.

ఆ విడిదిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు దిగి ఉన్నాడు. పళ్లు తోముకునేటప్పుడు కూడా మెడలో బైనాక్యులర్స్ తీయని మనిషి. నీళ్లలోంచి పైకి సాగిన చార, చివర గుండ్రటి దిబ్బ చూసి ఆయన నోట్లో బ్రష్షు అలాగే ఉండగా కేక పెట్టాడు.

"గూడు! తాబేలు గూడు!"

అప్పుడే లాంచీ దిగిన అధికారిణి పెట్టె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. దిబ్బ చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఈ ఒడ్డు మీద ఎన్నేళ్ల తర్వాత గుడ్లు పెట్టిందో! మీరు చూశారా?" అని యజమానిని అడిగింది.

"తెల్లారకముందు నుంచీ ఇక్కడే ఉన్నానండి" అన్నాడాయన. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"కాపలా కాశారా!" అని ఆవిడ చేతులు జోడించింది.

ఇంకేముంది, దిబ్బ చుట్టూ తాడు కట్టారు. తాబేలుకి బెదురని జెనరేటరు ఆపించారు, దీపాలు తీసేయించారు, గట్టిగా మాట్లాడకూడదన్నారు. అధికారిణి తిరుగు లాంచీ ఎక్కకుండా పక్కగదిలోనే దిగిపోయింది. హెడ్మాస్టరు తాడు పక్కన చాప పరుచుకున్నాడు. యజమాని పార పట్టుకుని అటు అడుగేస్తే చాలు, "హుష్!" అనేవాడు.

"ఏవండీ, బక్కెట్లేవి?" అని భార్య గుసగుసగా నిలదీసింది.

"గూట్లో ఉన్నాయి" అని ఆయన గుసగుసగానే చెప్పాడు.

తర్వాత ఆవిడ పెట్టిన చీవాట్లన్నీ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి పెట్టినవే. అటుగా వెళ్తున్న కొత్త దంపతులు ఆ వయసులో ఆ అన్యోన్యత చూసి ముచ్చటపడ్డారు.

ఇంతలో హెడ్మాస్టరు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. "స్నానానికి బక్కెట్ ఏదయ్యా?"

"ఇక్కడ కొబ్బరి చిప్పతోనే పోసుకోవాలండి" అన్నాడు యజమాని నోటికొచ్చినట్టు. "చిప్ప చిప్పకీ ఒకసారి కళ్లు మూసుకుని సముద్రాన్ని తలుచుకోవాలి."

మర్నాటికి బావి దగ్గర అతిథులంతా చిప్పలు పట్టుకుని, కళ్లు మూసుకుని వరసలో నిలబడ్డారు. అధికారిణి వాళ్లలో మొదటిది. బావిలో నీళ్లు ఎంత మిగిలాయో చూసి ఆవిడ ఉబ్బితబ్బిబ్బైంది. యజమానికి మాత్రం అన్నం సయించడం లేదు. గుడ్లు పిల్లలయ్యేదాకా ఇక్కడే ఉంటానని ఆవిడ అంటోంది. బక్కెట్లు ఎన్నాళ్లు పొదిగినా పిల్లల్ని పెట్టవని ఆయనకు తెలుసు.

చీకటీ నిశ్శబ్దమూ చూసి కాబోలు, మూడో రోజు తెల్లవారుతుండగా నిజం తాబేలు వచ్చింది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా తీరిగ్గా పాక్కుంటూ పైకి వచ్చి, తాడు కింద నుంచి దూరి, మెత్తగా ఉన్న ఆ దిబ్బనే తవ్వడం మొదలుపెట్టింది. ముందు ఒక మగ్గు ఎగిరి హెడ్మాస్టరు ఒళ్లో పడింది. తర్వాత బక్కెట్లు బయటపడ్డాయి. చివరికి ఎర్ర కుర్చీ కాలు పైకి లేచింది. తాబేలు దాన్ని కాసేపు చూసి, అసహ్యం పుట్టినట్టు పక్కకు తిరిగి, వంటింటి గుమ్మం ముందుకు పోయి అక్కడ గుడ్లు పెట్టింది.

యజమానికి నిజంగానే సిగ్గు ముంచుకొచ్చింది. ఆ స్టూలే నయమనిపించింది. "మేడమ్, అవి నేనే పూడ్చానండి" అనేశాడు.

"ఊరుకోండి, బక్కెట్లు ఎవరైనా పూడ్చుకుంటారా?" అంది అధికారిణి. "ఎవరో చేసిన పాపం మీ నెత్తిన వేసుకోకండి." ఒక బక్కెట్ తిరగేసి అడుగున అంటించిన చీటీ చదివింది. మరొకటి తిరగేసింది. అన్నిటి మీదా ఒకే దుకాణం పేరు. "అమ్ముడుపోని సరుకంతా తెచ్చి దీవి మీద పారబోస్తున్నాడన్నమాట!"

"అయ్యో, అది మా తమ్ముడి దుకాణమండి!" అని యజమాని భార్య గుసగుస సంగతి మరిచిపోయి అరిచింది.

అధికారిణి నివ్వెరపోయి యజమాని వైపు తిరిగింది. "సొంత బావమరిదా? అయినా తాడు కట్టనిచ్చారు, మమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టి నిజం బయటపెట్టారు. మీలాంటివాళ్లు ఇంకా ఉన్నారా!"

ఆకుపచ్చ బోర్డు ఆ రోజే ఎక్కింది. వంటింటి ముందు తాడు కట్టారు గనక భార్య వారాల తరబడి కిటికీలోంచి దూకి వంట చేసింది. బావమరిది దుకాణానికి తాళం పడింది. ఏడాదిపాటు అతను ఆ ఒడ్డు శుభ్రం చేస్తూ, తిండీ నిద్రా బావ విడిదిలోనే కానివ్వాలని, పనికి బావే మేస్త్రీ అని తీర్పు చెప్పారు.

యజమాని బావమరిది కోసం వెదురు స్టూలు ఒకటి తుడిచి సిద్ధంగా ఉంచి, ఎదురు వెళ్లాడు. లాంచీ ఆగింది. అక్క ఇంటికి ఉత్త చేతులతో రావడం అలవాటు లేని మనిషి కావడంతో, ముందుగా దిగినవి బక్కెట్లే.