తలనూనె వరుస

నవనీత మంజీర సోదరీ సంఘంలో చేరిన రెండో ఆదివారం, ఆమె తలలోని త్రికోణమితి మొత్తం సంధ్యారాణి తలలోకి వెళ్ళిపోయింది. వార్డెన్ ఆ సంగతి రిజిస్టరులో రాసుకుని ఇద్దరి చేతా సంతకాలు పెట్టించింది.

ఇందులో వింతేమీ లేదు. ఆ డిగ్రీ కాలేజీ అమ్మాయిల హాస్టల్లో సంఘానికి ముప్పై ఆరుగురు సభ్యులు. ప్రతి ఆదివారం ఇడ్లీలు తిన్నాక వరండాలో ఒకరి వెనక ఒకరు కూర్చుని, వెనకున్న పిల్ల ముందున్న పిల్ల తలకు నూనె రాస్తుంది. ఎక్కువున్న తలలోంచి తక్కువున్న తలలోకి చదువు పాఠాల లెక్కన దిగుతుంది, కాలువ నీళ్ళు మడిలోకి దిగినట్టు. వరుస లేచేసరికి అందరికీ ఒకే మార్కులు. దీనికి అకడమిక్ కౌన్సిల్ ఆమోదం ఉంది. నూనె డబ్బాలు స్టేషనరీ పద్దు కింద వస్తాయి. అబ్బాయిల సంఘం ఇదే పని ఒక్క దువ్వెనతో కానిస్తుంది. ఆ మహానుభావులు తలకు నూనె పెట్టరు గనక వాళ్ళ సగటు నలభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

సంఘం గుర్తింపు నిలవాలంటే సభ్యుల సగటు బయటి విద్యార్థుల సగటు కంటే ఎక్కువుండాలి. అందుకని ఏటా జూలైలో బాగా చదివే పిల్లలను వెతికి చేర్చుకుంటారు. చేరే ఫారంలో ‘మీకు బాగా వచ్చినది’ అని ఒక గడి ఉంటుంది. లోకం తెలిసిన పిల్లలు అక్కడ ముగ్గులు, అంత్యాక్షరి అని రాస్తారు. నవనీత సిరిసిల్ల నుంచి అప్పుడే వచ్చిన పిల్ల. నిజం రాసింది: లెక్కలు.

నిజానికి ఆమెకు లెక్కలు తప్ప వేరే ధ్యాస లేదు. ఏటా ఫిబ్రవరిలో ఒక పెద్ద గణిత సంస్థ ప్రవేశ పరీక్ష పెడుతుంది. అది రాసి అక్కడికి వెళ్ళాలని ఆమె కోరిక. లెక్చరర్ విశ్వనాథం సారు కూడా నీకు తప్పక వస్తుందని చెప్పి ఉన్నారు. త్రికోణమితి పోయాక ఆమె సంఘం కార్యదర్శి సౌజన్య దగ్గరికి వెళ్ళింది.

“అక్కా, పరీక్ష అయ్యేదాక నేను వరుసల కూసోను.”

“నీ ఒక్కదానికి నూరొస్తే ఏం జేసుకుంటవ్ నవనీతా? ముప్పయైదు మంది ఫెయిలైతే మంచిగుంటదా?”

దీనికి ఏదో జవాబు ఉందని నవనీతకు అనిపించింది. అది కిందటి ఆదివారమే ఎవరి తలలోకో వెళ్ళినట్టుంది. సంఘం వదిలి వెళ్ళే హక్కు మాత్రం ఉందని సౌజన్య నిబంధన చూపించింది. వెళ్ళేవాళ్ళు ప్రతి సబ్జెక్టులో ముప్పై ఆరో వంతు పట్టుకెళ్ళవచ్చు. ఇంతవరకు ఎవరూ వెళ్ళలేదు, ఆ వంతుతో రాజీనామా అర్జీ పూర్తిచేయడం ఎవరి వల్లా కాలేదు.

నవనీత పట్టుబట్టి రెట్టింపు చదివింది. సోమవారం నుంచి శనివారం దాకా నింపుకోవడం, ఆదివారం ఖాళీ కావడం. దాంతో సంఘం సగటు అరవై ఒకటి పాయింట్ రెండుకు పెరిగింది. ఆమెకు శాలువా కప్పారు.

జనవరిలో ఎక్కాలు పోయాయి. వాటితోపాటు మగ్గం దగ్గర కూర్చోబెట్టుకుని వాటిని నేర్పిన తాత గొంతు కూడా పోయింది. తాత చనిపోయి నాలుగేళ్ళు. ముఖం గుర్తుంది, గొంతు లేదు. రిజిస్టరులో గొంతులకు గడి లేదు గనక వార్డెన్ రాసుకోలేదు.

“మస్తు ముద్దుగ చెప్తడే మీ తాత,” అంది సంధ్యారాణి, జడ అల్లుకుంటూ. ఆ మాటకు నవనీత బాత్రూములోకి వెళ్ళి ఏడ్చింది.

చివరికి విశ్వనాథం సారుకు మొర పెట్టుకుంది. ఆయన సానుభూతితో విని, కాలేజీ నివేదిక తీసి చూపించారు. సభ్యుల సగటు అరవై ఒకటి పాయింట్ రెండు, బయటివాళ్ళది అరవై పాయింట్ ఎనిమిది. సంఘంలో చేరితే చదువు పెరుగుతుందని రుజువైంది గదమ్మా అన్నారు. తాను బయటి లెక్కలోంచి లోపలి లెక్కలోకి మారడం వల్లే ఇటు పెరిగి అటు తగ్గిందని చెప్పాలనుకుంది నవనీత. దానికి భాగహారం కావాలి. దండం పెట్టి వచ్చేసింది.

ఫిబ్రవరిలో పరీక్ష రాసింది. ప్రశ్నలన్నీ ఎక్కడో చూసినట్టే ఉన్నాయి, ఒక్కటీ పలకరించలేదు. మూడు గంటలూ కూర్చుని, పేరు రాసిన కాగితం ఇచ్చి లేచింది. సంధ్యారాణి ఆ పరీక్షకు దరఖాస్తే చేయలేదు. ఆమెకు లెక్కలంటే ఇష్టం లేదు.

సెమిస్టరు ఫలితాల్లో నవనీతకు అరవై ఒకటి పాయింట్ రెండు వచ్చింది. అందరికీ అంతే. ఫస్ట్ క్లాసని ఇంట్లో స్వీట్లు పంచారు. పాసైతే చాలని మొక్కుకున్న వాళ్ళమ్మ, ఇంతకంటే ఏం గావాలె బిడ్డా అని ఫోనులో మురిసిపోయింది. నవనీతకు కూడా ఇంతకంటే ఏం కావాలో తోచలేదు. ఆమెకు మనసు తేలికపడింది.

జూలైలో ఆమెను చేరికల కార్యదర్శిని చేశారు. జహీరాబాదు నుంచి కౌసర్ అనే పిల్ల వచ్చింది. రసాయనశాస్త్రంలో జిల్లా మొదటి ర్యాంకు. నవనీత ఆమెను ఆప్యాయంగా కూర్చోబెట్టి, తమ దగ్గర ఎవరూ ఫెయిల్ కారని, ఎవరికీ ఒంటరితనం ఉండదని చెప్పింది. రెండూ నిజమే.

“అక్కా, చేరకముందు నువ్వు దేంట్ల ఫస్టుంటుంటివి?” అని అడిగింది కౌసర్.

నవనీత ఆలోచించింది. ఏదో ఉండేది. పక్కనున్న సంధ్యారాణి వైపు చూసింది.

“లెక్కలల్ల,” అని చెప్పింది సంధ్యారాణి.

దూరపు చుట్టాల పిల్లను ఎవరో మెచ్చుకుంటే విన్నట్టు నవనీత సంతోషపడింది. తర్వాత చేరే ఫారం ముందుంచి, కౌసర్ చేతికి పెన్ను ఇచ్చింది.