పడుగు మీద పాకం

వారం రోజుల ముసురు విడిచి, ఆ ఉదయం లక్సెట్టిపేట సాలెవాడలో ఎండ పొడిచింది. ఆ ఎండకు కైలాసం రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, వీధిలో మగ్గానికెక్కే నిలువు పోగుల పడుగు సాచి నూలుకు గంజి పట్టించడం. రెండోది, పెరట్లోని తేనెటీగల పెట్టెలో చక్కెర పాకం పోయడం. వానాకాలం పూలు దొరకవు కాబట్టి ఈగలకు పాకం పోయమని, ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒకే రాష్ట్రమయ్యాక కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన తేనెటీగల ఇన్‌స్పెక్టరు పెట్టె ఇచ్చినప్పుడే మరీ మరీ చెప్పాడు.

కైలాసం పోస్తూనే ఉన్నాడు. పోసిన మర్నాడల్లా గుప్పెడు ఈగలు చచ్చి ఉంటున్నాయి. దిష్టి అనుకుని పెట్టెకు నిమ్మకాయ కట్టాడు. నిమ్మకాయ కుళ్లింది గానీ చావులు ఆగలేదు. ఆ ఇన్‌స్పెక్టరు ఇవాళే వస్తున్నాడు. ఈగలు పలచబడితే పెట్టె తీసుకుపోయి వేరే ఊరికి ఇస్తానని కార్డు ముందే రాశాడు. పోయిన చలికాలం తల్లి శంకరవ్వ దగ్గు తగ్గింది ఆ పెట్టెలోని తేనెతోనే. అది పోతుందంటే కైలాసానికి ముద్ద దిగడం లేదు.

పొయ్యి పక్కన ఒకే తీరు కుండలు రెండు చల్లారుతున్నాయి, ఒకటి గంజిది, ఒకటి పాకానిది. శంకరవ్వ కళ్లు మసకబారి నాలుగేళ్లయింది. అయినా గంజి చూడడంలో తనను మించినవారు వాడలో లేరని ఆమె నమ్మకం. ఒక కుండలో వేలు ముంచి, బొటనవేలితో అద్ది విడదీసింది.

"దేవవ్వా! గిసొంటి గంజి నా పుట్టుకల చూడలే. జిగటంటే గిదీ జిగట! తీస్కపో."

"తియ్యటి వాసనొస్తుందత్తా," అంది కోడలు.

"మంచి బియ్యం గట్లనే ఉంటయ్."

అత్తతో వాదించి గెలిచిన చరిత్ర దేవవ్వకు లేదు. అత్తాకోడళ్లిద్దరూ కుంచెలతో పడుగంతా పట్టించారు, శంకరవ్వ లోపలికి పోయి నడుం వాల్చింది. మిగిలిన కుండను కైలాసం, ఈగలు కుట్టకుండా ముక్కూ మూతీ తువ్వాలతో బిగించుకుని, పెట్టెలోని గిన్నెలో వంపాడు.

ఎండెక్కింది. మొదట ఒక్క ఈగ వచ్చి పడుగు మీద వాలింది. అది పోయి ఇంటివాళ్లకు చెప్పినట్టుంది, కాసేపటికి పెట్టెకు పెట్టే కదిలి వచ్చింది. తెల్లని పడుగు ఈ కొస నుంచి ఆ కొస దాకా గోధుమరంగుకు తిరిగింది.

"ఈగలు లేసినయ్! ఉరుకుండ్రి!" ఎదురింటి కొమురెల్లి కేకకు వాడంతా తలుపులు బిడాయించుకుంది. కేకతో ఆగినా బాగుండేది. పొగ పెడితే పోతాయని అతను తడిగడ్డి అంటించాడు. ఆ పొగ చూసి, గుడిసెలు అంటుకున్నాయనుకుని వెనక వాడవాళ్లు బిందెలతో ఉరికొచ్చారు.

"పొయ్యకుండ్రి! నా ఈగలు సస్తయ్!" కైలాసం చేతులు చాచి పడుగుకు అడ్డం నిలబడ్డాడు. మొదటి బిందె అతని నెత్తి మీదే పడింది.

రెండో బిందె లేచేలోపు ఇన్‌స్పెక్టరు సైకిలు దిగాడు. "ఆగండి! ఎవరూ కదలొద్దు!" అంటూ పడుగు దగ్గరికొచ్చి, నూలును వేలితో తాకి ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. తర్వాత పెరట్లోకి నడిచి పెట్టె తెరిచాడు. గిన్నె నిండా గంజి.

కుండలు తారుమారైన సంగతి కైలాసానికి అప్పుడు తెలిసింది. "పెట్టె తీస్కపోకుండ్రి సారూ. మా అవ్వకు కండ్లు కానరావు. చూసుకోనిది నేను, తప్పు నాదే."

ఇన్‌స్పెక్టరు గిన్నెనే చూస్తున్నాడు. "పాకం రోజూ ఇలాగే పోస్తున్నావా? పుల్లలేవీ వేయకుండా?"

"పుల్లలా? మీరు చెప్పలే గద సారూ."

"చెప్పలేదయ్యా," అని ఇన్‌స్పెక్టరు ఒప్పుకున్నాడు. "నిలబడడానికి పుల్లో గడ్డిపోచో లేకపోతే ఈగ పాకంలో మునిగి చస్తుంది. ఇవాళ కూడా గిన్నెలో పాకమే పోసుంటే ఇంకో గుప్పెడు పోయేవి. నూలు మీద చూడు, ఒక్కటీ మునగలేదు. కడుపు నిండా తాగి ఇంటికెళుతున్నాయి. పెట్టె నీ దగ్గరే ఉంటుంది. మీ అమ్మ కాపాడింది."

పొద్దు వాలేసరికి ఈగలన్నీ పెట్టె చేరాయి. మంటలార్పడానికి తెచ్చిన నీళ్లతో వెనక వాడ ఆడవాళ్లు, వద్దన్నా వినకుండా, దేవవ్వతో కలిసి పడుగు కడిగిపెట్టారు. కైలాసం కళ్లనీళ్లతో అందరికీ దండం పెట్టాడు, పొగ పెట్టిన కొమురెల్లికి కూడా. ఆపైన లోపలికి పోయి తల్లి కాళ్లు మొక్కాడు.

"అంత నీ పున్నెమే అవ్వా!"

జరిగింది ఆమెకు చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ముప్ఫై ఏళ్లలో కొడుకు తన గంజిని మెచ్చుకోవడం ఇదే మొదటిసారి కావడంతో, శంకరవ్వ అతని తల నిమిరి, ఇకమీద ప్రతి పడుగుకూ అదే గంజి పట్టించాలని నిశ్చయించుకుంది.